మాట అందించే పని

సినిమా పని ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే పరదా వెనకాల అని చెబుతాను. అడిగినవాళ్లు అది పుణెలోనో చెన్నైలోనో ఉన్న స్కూలు పేరనుకుని గౌరవంగా తల ఊపుతారు. నేను చెప్పేది నిజంగా పరదా గురించే. మహారాష్ట్ర అంచున సిరోంచ దగ్గర మా ఊళ్లో వరి కోతలు అయిపోయి వడ్లు ఇళ్లకు చేరాక నాటకాలు ఆడతారు. స్టేజీకి ఒక పక్కన కట్టిన పాత నీలం పరదా వెనక గోనెసంచి పరుచుకుని, నాటకం పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ప్రతి పాత్ర మాటా ముందు నేను మెల్లగా చెబితే, స్టేజీ మీదున్నవాళ్లు దాన్నే గట్టిగా, రాగం తీసి చెప్పేవాళ్లు. ఆ పనిని మా దగ్గర మాట అందించడం అంటారు.

మా నాటకాల్లో ఎవరూ మాటలు బట్టీ పట్టరు. పట్టాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచదు. పగలంతా పొలంలో వంగి లేచినవాళ్లు, పొద్దుగూకాక మొహానికి రంగు పూసుకుని కిరీటం పెట్టుకుంటారు. మాట సంగతి అందించేవాళ్లు చూసుకుంటారని వాళ్ల ధీమా. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు ప్రతి డైలాగూ రెండుసార్లు వినబడుతుంది. దానికి ఎవరూ ఏమనుకోరు. రెండుసార్లు వినబడితేనే కథ బాగా ఎక్కుతుందని మా అమ్మమ్మ అనేది. ఎవరైనా తెలివి చూపించి, అందించకముందే మాట అనేశాడనుకోండి, "ఎగిరిపడుతుండు" అని ఊరంతా మూతి ముడుచుకునేది.

నాకా పని ఎలా దొరికిందంటే, అంతకుముందు మాట అందించిన బడి పంతులుకు గడ్చిరోలి బదిలీ అయింది. నేను అప్పుడు అహేరిలో కాలేజీ చదువుతున్నాను. గొంతు పెద్దది, చదవడం వేగం. పైగా మా నాటకం పుస్తకాల్లో తెలుగు మాటల్ని నాగరి అక్షరాల్లో రాసుకుంటారు. మేమందరం మరాఠీ బడిలో చదివినవాళ్లమే, తెలుగు మాకు నోట్లో ఉంటుంది కానీ చేతిలో ఉండదు. తెలుగు అక్షరాలు నేను చాలా తర్వాత, హైదరాబాద్ వెళ్లాక, సిటీ బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను.

పరదా వెనక కూర్చున్నాక ఒక సంగతి కనిపెట్టాను. నేను ఏది అందిస్తే స్టేజీ మీదివాళ్లు అదే అంటారు. ఒకసారి ఒక నాటకంలో, వేటనుంచి ఆలస్యంగా వచ్చిన రాజును రాణి పద్యంలాంటి మాటలతో పొగడాలి. ఆ పొగడ్త చదివితే నాకు ఒళ్లు మండింది. ఆలస్యంగా వచ్చిన మొగుణ్ని ఏ ఆడది పొగుడుతుంది? మా నాన్న ఆలస్యంగా వస్తే మా అమ్మ ఏమంటుందో అదే అందించాను. "అన్నం సల్లగైంది. నిన్ను ఎవలు గిప్పటిదాక కూసొబెట్టుకున్నరో, ఆళ్లింట్లనే తినిరా పో." రాణి వేషం వేసినాయన మీసం గీసుకుని వచ్చిన కిరాణా కొట్టాయన. ఆయన చెయ్యి తిప్పుతూ దాన్ని ఉన్నదున్నట్టు అనేశాడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి లేచిన నవ్వు చాలాసేపు ఆగలేదు. ఇప్పుడు రాజు జవాబు చెప్పాలి. పుస్తకంలో లేదు. రాజు నా వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. నేను కంగారుగా ఏదో ఒకటి కల్పించి ఇచ్చాను. నేను రాసిన మొదటి డైలాగులు అవే.

ఆ రాజు మా మేనమామ. నాటకం అయ్యాక కిరీటం చంకలో పెట్టుకుని వచ్చి అడిగాడు. "గిది బుక్కుల ఉన్నదా బిడ్డా?"

"లేదు మామా."

"అయితే రేపు గూడ గిట్లనే అందియ్."

నేను రచయితనైంది ఆ మాటతోనే. తర్వాత హైదరాబాద్‌లో నన్ను రచయిత అని ఒప్పుకోవడానికి చాలామందికి చాలా ఏళ్లు పట్టింది. ఎవరి సినిమాలోనైనా పల్లెటూరి పాత్ర ఉంటే నన్ను పిలిచేవాళ్లు. మా యాసలో నాలుగు మాటలు రాయించుకుని, షూటింగ్ రోజున వాటిని మార్చేసుకునేవాళ్లు. నాకు కోపం త్వరగా వస్తుంది. కోపం వస్తే ఎవరినీ ఏమీ అనను, బయటికి వెళ్లి చాయ్ తాగుతాను. అలా ఆ ఊళ్లో నేను తాగిన చాయ్ ఎంతో నాకే తెలియదు. కానీ ఆ పని నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. నేను కాగితం మీద పెట్టిన మాట ఎవరి నోట్లోంచో బయటికొస్తుంటే వినడం కంటే సంతోషం నాకు ఇంకోటి లేదు.

చివరికి ఒక నిర్మాత నా కథను నాతోనే తీయిస్తానన్నాడు. మా ప్రాణహిత నది మీద వంతెన కట్టాక పని పోయిన ఒక పడవాయన కథ అది. చిన్నప్పుడు మేం అవతలి గట్టు పెళ్లిళ్లకు పడవలోనే వెళ్లేవాళ్లం. ఇప్పుడు పిల్లలు బండ్ల మీద వంతెన దాటి సినిమాకి పోయి భోజనం వేళకు తిరిగొస్తున్నారు. కథలో పడవాయన మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి పడవ దగ్గర కూర్చుంటాడు, ఎవరూ ఎక్కరని తెలిసీ. ఆ వేషం మా మామే వెయ్యాలని నేను పట్టుబట్టాను. నిర్మాత అయిష్టంగానే ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. మొదటి రెండు రోజుల షూటింగ్ చూస్తాడు, బాగాలేకపోతే హైదరాబాద్ నుంచి పేరున్న నటుణ్ని తెచ్చి పెడతాడు. సినిమా ఉంటుంది, మామ మాత్రం ఉండడు. ఈ షరతు మామకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మామ అప్పటికే సిరోంచ అంతా చాటాడు. చాయ్ దుకాణంలో ఆయన్ని హీరో అని పిలవడం మొదలైంది. కథ మొత్తం, అందరి డైలాగులతో సహా, నా గొంతుతో రికార్డు చేసి మామ ఫోనుకు పంపాను. అప్పుడప్పుడు ఫోన్ చేసి, వచ్చిందా మామా అని అడిగితే, "ఆఁ, వచ్చింది" అనేవాడు. షూటింగ్‌కు ముందురోజు నేను వెళ్లి చూస్తే జుట్టుకీ మీసాలకీ నల్లరంగు వేసుకుని నిగనిగలాడుతూ నిలబడ్డాడు.

"గిదేంది మామా? నువ్వు ముసలాయన వేషం గద."

"సినిమా గదా బిడ్డా. జర మంచిగ కనబడాలె."

మేకప్ ఆయన మర్నాడు పొద్దున కూర్చుని ఆ జుట్టునీ మీసాల్నీ మళ్లీ తెల్లగా చేశాడు. మామ అద్దంలో చూసుకుని, పైసలిచ్చి పెట్టుకున్న రంగు అని గొణిగాడు.

షూటింగ్ నది ఒడ్డున. మాటల్ని అక్కడికక్కడే రికార్డు చేసే పద్ధతి పెట్టుకున్నాం. తర్వాత స్టూడియోలో ఎవరిచేతో చెప్పించడం నాకు ఇష్టం లేదు. మామ గొంతు అవతలి గట్టుదాకా పోయే గొంతు, ఆ గొంతు కోసమే కదా ఇంత గొడవ. పడవాయన భార్యగా నాగేపల్లి అక్క చేస్తోంది. మా నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యడం మొదలుపెట్టిన కాలం నుంచి ఉన్న మనిషి. వాళ్లిద్దరూ పడవ పక్కన నిలబడ్డారు. నేను యాక్షన్ అన్నాను.

మామ కదల్లేదు. నా వైపు ఒక చెవి పెట్టి, నది వైపు చూస్తూ నిలబడ్డాడు. అక్క మామ వైపు చూస్తూ నిలబడింది. ఒక కొంగ వచ్చి పడవ కొనమీద వాలి, మమ్మల్నందర్నీ చూసి, ఎగిరిపోయింది.

"ఏమైంది మామా?"

"మాట అందియ్ బిడ్డా."

"గిది నాటకం కాదు. నువ్వే చెప్పాలె."

"గట్లనా. సరే."

మళ్లీ యాక్షన్ అన్నాను. మళ్లీ అదే చెవి, అదే నిలబడడం. పొద్దు ఎక్కుతోంది. ఇక లాభం లేదని పరదా వెనక చెప్పినట్టే మెల్లగా మాట అందించాను. మామ ఎత్తుకున్నాడు, అద్భుతంగా చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు సౌండ్ రికార్డు చేసే ఆయన చెవులకున్న పెద్ద హెడ్‌ఫోన్లు తీసి చెయ్యెత్తాడు. "మేడమ్, మీ గొంతు కూడా పడుతోంది. నిజం చెప్పాలంటే ఆయన కంటే మీదే బాగా పడుతోంది."

దూరంగా కూర్చుని అందించాను. మామకు వినబడక, "గట్టిగ చెప్పు బిడ్డా" అని నది మధ్యలోకి వినబడేలా అరిచాడు. దగ్గరికొస్తే సౌండ్ ఆయన చెయ్యెత్తాడు. నిర్మాత తరఫున వచ్చిన మేనేజర్ గొడుగు కింద కుర్చీలో కూర్చుని, మమ్మల్ని చూస్తూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో నాకు తెలుసు.

రెండో రోజు మా అసిస్టెంట్ ఒక ఉపాయం తెచ్చాడు. మామ చెవిలో కనబడకుండా చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి, నేను దూరంగా జీపులో కూర్చుని మైకులో మాట అందించాలి. మామకు అది చాలా నచ్చింది. మొదటి మాట అందించాను, హాయిగా చెప్పాడు. కానీ స్టేజీ మీద అలవాటైన గొంతు కదా, అవసరానికి మించి ఎత్తాడు. నేను మైకులో, "కొంచెం మెల్లగ, మామా" అన్నాను.

మామ నాగేపల్లి అక్క వైపు తిరిగి, రాజు మంత్రితో అన్నట్టు గంభీరంగా, "కొంచెం మెల్లగ, మామా" అన్నాడు.

"అయ్యో, నిన్నే."

"అయ్యో, నిన్నే."

నాగేపల్లి అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కెమెరా ఆయన నవ్వుతుంటే కెమెరా కూడా ఊగింది. జీపులో డ్రైవర్ హారన్ మీద తల పెట్టి నవ్వాడు, ఆ హారన్ కూడా రికార్డయింది. ఇప్పుడు తల్చుకుంటే నాకూ నవ్వాగదు. ఆ రోజు మాత్రం రాలేదు. జీపు దిగి వెళ్లి అందరి ముందే మామ మీద ఎగిరాను. "ఇన్ని రోజులు ఇంట్ల కూసొని ఏం జేసినవ్ మామా? ఒక్క ముక్క గూడ రాదా నీకు?"

"వచ్చింది బిడ్డా" అన్నాడు మామ, పంచెకు అంటిన ఇసుక దులుపుకుంటూ.

పరువు కోసం అబద్ధం చెబుతున్నాడనుకుని ఇంకా మండిపోయి చాయ్ దుకాణానికి వెళ్లిపోయాను. అక్కడివాళ్లు, హీరో ఎట్ల చేస్తుండని అడిగారు. మంచిగ చేస్తుండని చెప్పాను. ఏడుపొచ్చేలా ఉండి, చాయ్ సగంలో వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున కాళేశ్వరం వైపు నుంచి గోదావరి వంతెన దాటి నిర్మాత కారు వచ్చింది. అందులోంచి నిర్మాత వెనకాల ఒక నటుడు దిగాడు. మీరందరూ తెరమీద చూసి ఉంటారు, పేరు గుర్తుండదు కానీ మొహం గుర్తుపడతారు. మర్యాదస్తుడు. దారిలో కారులోనే డైలాగులన్నీ బట్టీ కొట్టేశాడట. నిర్మాత నన్ను పక్కకు పిలిచి, ఒక్క సీను ఈయనతో చేయించి చూద్దాం, మీరు మాత్రం మధ్యలో నోరెత్తకండి అన్నాడు.

మామకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. తలకు చుట్టుకున్న పడవాయన తువ్వాల విప్పి, మడత పెట్టి, తీసుకెళ్లి ఆ నటుడి చేతికిచ్చాడు. "ఎండ బాగ కొడ్తది సార్, మంచిగ సుట్టుకోర్రి" అన్నాడు. పడవ నడిపే గడ ఎలా పట్టుకోవాలో చూపించాడు. తర్వాత వెళ్లి పడవకు అవతలి పక్క నీడలో, ఎవరికీ కనబడకుండా గొంతుక్కూర్చున్నాడు. నాకు అప్పుడు ఆ సినిమా అక్కర్లేదనిపించింది. కారులో వచ్చినవాళ్లందరూ అదే కారులో వెళ్లిపోతే బాగుండుననిపించింది.

సీను చిన్నదే. ఎవరూ ఎక్కని పడవ దగ్గరికి రోజూ ఎందుకు పోతున్నావని భార్య అడగాలి. పడవాయన చెప్పాలి. ఆ నటుడు నదివైపు చూసి తన మొదటి మాట చక్కగా అనేశాడు. ఇప్పుడు నాగేపల్లి అక్క వంతు. అక్క చెవి నా వైపు పెట్టి నిలబడింది. నేను పెదాలు బిగబట్టుకున్నాను. సౌండ్ ఆయన ముందుజాగ్రత్తగా అప్పుడే చెయ్యి సగం ఎత్తాడు. నటుడు పాపం, ఏమైందో తెలియక గడ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

అప్పుడు పడవ వెనకనుంచి మెల్లగా ఒక గొంతు వచ్చింది. అక్క చెప్పాల్సిన మాట. ఒక్క అక్షరం పోకుండా, నేను రాసినట్టే. అక్క దాన్ని ఎత్తుకుని చెప్పింది. నటుడు జవాబు చెప్పాడు. మళ్లీ పడవ వెనకనుంచి మాట, మళ్లీ అక్క. పెద్ద డైలాగు దగ్గర నటుడే ఒకచోట తడబడి ఆగాడు. పడవ వెనక గొంతు ఆయనకూ అందించింది. ఆయన కూడా మారు మాట లేకుండా అందుకుని చెప్పేశాడు. సీను అయిపోయింది. నాకు కట్ చెప్పాలని కూడా గుర్తు రాలేదు.

నేను ఇసుకలో పరుగెత్తుకుంటూ పడవ అవతలికి వెళ్లాను.

"మామా, నీకు మొత్తం వచ్చా?"

"వస్తది."

"అందరి మాటలా?"

"రోజు ఫోన్ల ఇన్న గదా బిడ్డా, పొలం కాడ కూసొని. మీ అత్తకు గూడ వస్తయ్."

"మరి రెండు రోజుల సంది నన్ను గింత పరేషాన్ ఎందుకు జేసినవ్? నోరెందుకు తెరువలే?"

మామ చుట్టూ చూశాడు. నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టి, గొంతు తగ్గించాడు.

"సూడు బిడ్డా. ఆయన దగ్గర కెమెరా ఉన్నది. ఈయన చెవులకు డబ్బలున్నయ్. గొడుగు పట్టెటాయనకు గొడుగున్నది. అందరి చేతిల ఏదో ఒక పనున్నది. నీ చేతిల ఏం లేదు. అటిటు తిరుగుతవ్, కోపం చేస్తవ్, చాయ్ తాగి వస్తవ్. నేను గూడ నా అంతట నేనే చెప్పుకుంట పోతే, మరి ఈ పొల్ల ఎందుకిక్కడ, పంపియ్యుర్రి ఇంటికి అంటరు. గా మేనేజరు మొదటి రోజు సంది నిన్ను గుర్రుగ సూసుకుంట ఫోన్ చేస్తుండు. నీ పని పోతదని ఆగిన."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లనీళ్లు కూడా వచ్చాయి. తుడుచుకోవడానికి ఏమీ దొరకక ఇసుక చేత్తోనే తుడుచుకున్నాను.

"మామా, వాళ్లు తీసేద్దామనుకున్నది నన్ను కాదు. నిన్ను."

"నన్ను తీసిన్రని సూసిన గద. నన్ను తీసేస్తే ఏమైతది. నాకు పొలమున్నది. నీకేమున్నది?"

ఇన్నేళ్లుగా హైదరాబాద్‌లో నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన జవాబులు ఒక్కటీ గుర్తు రాలేదు. నీ పని నాకు చేతకాదు మామా, నా పని నువ్వు చెయ్యలేవు, ఇద్దరం ఉంటేనే ఇది అవుతుంది అని ఎలాగో చెప్పాను. నేను ఎదురుగానే కూర్చుంటానని, నోరు మాత్రం విప్పనని, ఆయన ఎగిరిపడినట్టు నేను అనుకోనని కూడా చెప్పాల్సి వచ్చింది. "నిజంగ ఏమనుకోవు గదా?" అని మామ ఇంకోసారి అడిగాడు. ఆ హైదరాబాద్ నటుడు మా మాటలు విన్నాడో ఏమో, తువ్వాల విప్పి తనే తెచ్చి మామ తలకు చుట్టాడు. మంచి మనిషి. తర్వాత మా సినిమాలో వంతెన కట్టిన ఇంజనీర్ వేషం వేశాడు.

పడవ వెనక గొంతు తనూ విన్న నిర్మాత, సరే ఒక్కసారి మీ మామతో చేయించండి అన్నాడు. నాగేపల్లి అక్కకు పడవ వెనకనుంచి మాట అందించడానికి ఎవరూ లేరు కనుక, అక్క వెనక్కి తిరిగి నిలబడేలా కెమెరా పెట్టి, ఆమె మాటలు తర్వాత రికార్డు చేసుకుందామనుకున్నాం. కెమెరా మొత్తం మామ మొహం మీదే. నేను యాక్షన్ అన్నాను. మామ మొదటి మాట తనంతట తనే అన్నాడు. ఆ అనడంలో, ఎవరిదో వస్తువు వాళ్లకు తిరిగిచ్చేస్తున్నంత జాగ్రత్త ఉంది. రెండో మాటకు ఆ జాగ్రత్త పోయింది. మూడో మాటకు అక్కడ మా మామ లేడు, ఒక పడవాయన ఉన్నాడు. నిర్మాత నా పక్కన నిలబడి, ఈయన్ని మార్చమని ఎవరండీ నాకు ఫోన్ చేసింది అని మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ గొడుగు సర్దుకున్నాడు.

కట్ అన్నాక అందరూ చప్పట్లు కొట్టారు. మామ వాటిని పట్టించుకోలేదు. ఇసుకలో అడుగులు వేసుకుంటూ నేరుగా మేనేజర్ కుర్చీ దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేను అన్న మాటలన్ని మా పొల్ల రాసిందే. నాకు నేర్పింది గూడ ఆమెనే. చేతిల ఏం లేకున్నా పని చేస్తనే ఉంటది. తీసెయ్యకుర్రి."

మేనేజర్ కుర్చీలోంచి లేచి, నా వైపు ఒకసారి, నిర్మాత వైపు ఒకసారి చూశాడు. "లేదండీ, తీసెయ్యం" అన్నాడు.